బోటు మోటారు మొరాయిస్తే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

తాడు లాగి స్టార్ట్ చేసే 2 నుంచి 15 హార్స్‌పవర్ టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డ్ మోటార్ల గురించి వచ్చిన ప్రశ్నల్లో తరచుగా ఎదురయ్యేవి ఇక్కడ తీసుకున్నాం. ఒకే మాట అడిగినవాటిని కలిపేశాం. జవాబుల్లో ఇచ్చిన కొలతలు ఎక్కువ మోటార్లకు వర్తిస్తాయి. మీ మోటారు మాన్యువల్లో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

ప్రశ్న: పొద్దున్నే చల్లగా ఉన్న మోటారు ముప్పైసార్లు లాగినా అందుకోవడం లేదు. పెట్రోలు వాసన మాత్రం గుప్పున వస్తోంది. కార్బురేటర్ విప్పమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. కార్బురేటర్ విప్పడం చివరి పని, మొదటిది కాదు. ముందు చూడాల్సినవి రెండు నిమిషాల పని. స్టాప్ స్విచ్ దగ్గర ఎర్ర తాడు క్లిప్పు సరిగ్గా కూర్చుందా? ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరిచారా? పెట్రోలు కాక్ తెరిచి ఉందా? గేరు న్యూట్రల్‌లో ఉందా? ఇవన్నీ సరిగ్గా ఉంటే ప్లగ్గు విప్పండి. సగం సంగతి అదే చెబుతుంది.

ప్లగ్గు ఎండిపోయి ఉంటే పెట్రోలు అందడం లేదు. తడిసి ఉంటే పెట్రోలు వస్తోంది గానీ మండడం లేదు. మీరు చెప్పిన వాసనను బట్టి మీది రెండోదే. తడిసిన ప్లగ్గును తుడిచి, క్యాప్‌లో పెట్టి, దాని ఇనుప ఒళ్లు ఇంజను బ్లాకుకు గట్టిగా ఆనేలా పట్టుకుని, తాడు ఒకసారి విసురుగా లాగండి. నీలం రంగులో టక్కుమని స్పార్కు రావాలి. పసుపుగా, సన్నగా వస్తే అది బయట కనిపించినా లోపలి ఒత్తిడిలో నిలవదు. ఈ పరీక్షలో రెండు జాగ్రత్తలు. ప్లగ్గు రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి ఎగజిమ్ముతుంది కాబట్టి స్పార్కు దానికి దూరంగా ఉండాలి. రెండోది, సీడీఐ (స్పార్కుకు కరెంటు పంపే ఎలక్ట్రానిక్ యూనిట్) ఉన్న మోటారులో ప్లగ్గు బ్లాకుకు ఆనకుండా గాల్లో వేలాడుతుండగా తాడు లాగకూడదు. కరెంటుకు దారి లేక సీడీఐ యూనిట్టే కాలిపోవచ్చు.

స్పార్కు అసలు రాకపోతే స్టాప్ స్విచ్ నుంచి వచ్చే వైరును విడదీసి మళ్లీ లాగి చూడండి. ఇప్పుడు వస్తే కాయిల్లో (స్పార్కుకు కరెంటు పుట్టించే తీగచుట్టలో) లోపం లేదు, స్విచ్ లోపల ఉప్పు పట్టి ఎర్త్ అవుతోంది. వైరు తీసేసి స్టార్ట్ చేస్తే మాత్రం దాన్ని ఆపడానికి చోక్ పూర్తిగా లాగాల్సి వస్తుందని ముందే గుర్తుంచుకోండి.

స్పార్కు బాగుండి ప్లగ్గు తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువై ఇంజను ముంచుకుపోయింది. పెట్రోలు పైపు విడదీయండి, చోక్ లాగకుండా పూర్తిగా తెరిచి ఉంచండి, థ్రాటిల్ ఎంత వరకు తిరిగితే అంత తిప్పండి. ప్లగ్గు బయటే ఉంచి, స్టాప్ స్విచ్ క్లిప్పు కూడా తీసేసి, ఎనిమిది పదిసార్లు లాగితే లోపలున్నది బయటకు చిమ్మేస్తుంది. పొడి ప్లగ్గు పెట్టి, క్లిప్పు, పైపు తిరిగి తగిలించి, చోక్ లేకుండా ప్రయత్నించండి. ప్లగ్గును మొదట వేళ్లతోనే చివరిదాకా బిగించాలి. కొత్తదైతే ఆ తర్వాత పానాతో అరచుట్టు, పాతదైతే కొద్దిగా మాత్రమే.

ప్లగ్గు ఎండిపోయి ఉన్నవారు ఇంకో పరీక్ష చేయొచ్చు. ఆయిల్ కలిపిన పెట్రోలే ఒక టీస్పూను ప్లగ్గు రంధ్రంలో పోసి, ప్లగ్గు బిగించి లాగండి. రెండు సెకన్లు ఊపిరి పోసుకుని చచ్చిందంటే స్పార్కు, కంప్రెషన్ సరిగ్గా ఉన్నట్టే. ఇక వెతకాల్సింది పెట్రోలు దారిలో. స్టార్టింగ్ స్ప్రేలు టూ-స్ట్రోక్‌కు కొట్టకండి. వాటిలో ఆయిల్ ఉండదు, పైగా సిలిండరు గోడ మీద ఉన్న కాస్త ఆయిల్నీ కడిగేస్తాయి.

ప్రశ్న: స్టార్ట్ అవుతుంది, పది నిమిషాలు బాగా నడుస్తుంది, తర్వాత గొంతు పట్టుకున్నట్టు తగ్గి ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్లీ మామూలే. మెకానిక్ దగ్గర మాత్రం ఎప్పుడూ ఆగదు.

జవాబు: మెకానిక్ దగ్గర పది నిమిషాలు లోడ్ మీద నడవదు కాబట్టి ఆగదు. ఈ లోపాన్ని నీళ్ల మీదే, అది ఆగిన ఆ నిమిషంలోనే పట్టుకోవాలి. ఆగగానే మళ్లీ తాడు లాగకండి. ముందు పైపు మధ్యలో ఉన్న రబ్బరు బల్బు మీద చెయ్యి వేయండి.

బల్బు లోపలికి నొక్కుకుపోయి చదునుగా ఉంటే ట్యాంకులోకి గాలి పోవడం లేదు, లేదా ట్యాంకు అడుగున ఉండే జాలీ మూసుకుపోయింది. మూత తిప్పగానే ‘స్‌స్’ మని గాలి పీల్చిన చప్పుడు వస్తే దోషం గాలి స్క్రూదే. బల్బు గుండ్రంగానే ఉండి మెత్తగా, ఖాళీగా నొక్కుకుపోతుంటే పంపు పెట్రోలుకు బదులు గాలి లాగుతోంది, లేదా బల్బు లోపలి వాల్వు పోయింది. బల్బు రాయిలా గట్టిగా ఉన్నా ఇంజను చచ్చిందంటే పెట్రోలు కార్బురేటర్ దాకా వస్తోంది. అప్పుడు కార్బురేటర్‌లో పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే ఫ్లోటు సూది, పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రమైన జెట్టు, లేదా స్పార్కు వైపు చూడాలి.

ఇంజను తగ్గుతున్నప్పుడు ఇంకొకరు బల్బు నొక్కుతూ ఉంటే వెంటనే పుంజుకుంటోందా? అలాగైతే పెట్రోలు పంపు డయాఫ్రం చిరిగిందనో, పైపులో గాలి దూరుతోందనో అర్థం. ఈ పంపుకు వేరే కరెంటు, బెల్టు ఏమీ ఉండవు. పిస్టన్ కిందా మీదా ఆడుతుంటే క్రాంక్‌కేసులో వచ్చే ఒత్తిడి మార్పుకే దాని పొర కొట్టుకుంటుంది. ఆ పొర మీద సూదిమొనంత చిల్లు పడినా స్లోలో నడుస్తుంది, ఫుల్లులో ఆకలితో చస్తుంది. నాలుగు స్క్రూలు విప్పి పొరను వెలుతురుకు పట్టి చూస్తే చిల్లు కనిపిస్తుంది. గట్టిపడి ముడతలు పడినా మార్చాల్సిందే.

గాలి దూరే చోటు పట్టుకోవడం కష్టమని చాలామంది రాశారు. ఎందుకంటే ఇంజను నడుస్తున్నప్పుడు ఆ పైపులో ఉండేది పీల్పు. చీలిక ఉన్నచోట పెట్రోలు బయటకు కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే బయట ఎక్కడా తడి ఉండదు. ఎక్కువగా పోయేది ఇంజను దగ్గర తగిలించే కనెక్టరు లోపలి ఓ-రింగు. కనెక్టరు ముందు తాత్కాలికంగా ఒక జానెడు పారదర్శక పైపు వేసి నడపండి. బుడగలు పరిగెడుతుంటే లోపం దానికి ముందు భాగంలో ఉంది. బల్బు మీది బాణం గుర్తు ఇంజను వైపు ఉండాలి. నొక్కేటప్పుడు బాణం పైకి ఉండేలా బల్బును నిలువుగా పట్టుకుంటే లోపలి వాల్వులు సరిగ్గా కూర్చుంటాయి.

ఇవన్నీ బాగున్నాయా? అయితే ఆగిన వెంటనే, ఇంజను వేడిగా ఉండగానే స్పార్కు చూడండి. చల్లగా ఉన్నప్పుడు వచ్చి, వేడెక్కాక మాయమై, చల్లారాక మళ్లీ వస్తే అది కాయిల్ లోపమే. లోపల తెగిన తీగ వేడికి సాగి విడిపోతుంది, చల్లారితే కలుస్తుంది. మల్టీమీటరుతో చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి ఓములు కొలవండి. వేడిలో రీడింగు అనంతానికి పోతే ఆ కాయిల్ మార్చడమే.

ప్రశ్న: ఫుల్లులో బ్రహ్మాండంగా పోతోంది. స్లో చేయగానే ఆగిపోతోంది. కార్బురేటర్ పక్కనున్న స్క్రూ అటూ ఇటూ తిప్పాను, ఇంకా పాడైంది.

జవాబు: నిన్నటిదాకా బాగా నడిచిన ఇంజనులో స్క్రూ తనంతట తాను తిరగదు. కాబట్టి దాన్ని తిప్పితే బాగుపడే అవకాశమూ తక్కువ. ఫుల్లులో బాగుండి స్లోలో ఆగుతోందంటే స్లో జెట్టు మూసుకుపోయిందనే నూటికి తొంభై పాళ్లు అనుకోవచ్చు. నిలవ పెట్రోలు ఆవిరైపోయి జిగురు మిగుల్చుతుంది, ముందు పూడేది అన్నిటికంటే సన్నగా ఉండే ఈ రంధ్రమే.

కార్బురేటర్ విప్పే ముందు అడుగునున్న డ్రెయిన్ స్క్రూ తీసి గిన్నెలో ఉన్న పెట్రోలును గాజు గ్లాసులోకి వదలండి. అడుగున విడిగా గోళీలా దొర్లే చుక్కలు కనిపిస్తే అవి నీళ్లు. అంటే ట్యాంకు కూడా ఖాళీ చేసి కడగాలి, లేకపోతే కార్బురేటర్ ఎన్నిసార్లు కడిగినా రెండు రోజులకే మళ్లీ ఇదే కథ.

విప్పాక స్లో స్క్రూను ముందు మెల్లగా లోపలికి బిగిస్తూ ఎన్ని చుట్లు పోతుందో లెక్కపెట్టి రాసుకోండి, ఆ తర్వాతే పూర్తిగా తీయండి. (మీరు ఇప్పటికే తిప్పేశారు కనుక ఈ లెక్క మీకు పనికిరాదు.) లోపలికి బిగించేటప్పుడు తగలగానే ఆపాలి. నొక్కితే ఇత్తడి మొన మీద గాడి పడి ఇక ఏ సెట్టింగూ నిలవదు. స్లో జెట్టును సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవరుతో విప్పి ఆకాశం వైపు పట్టి చూడండి. గుండ్రటి వెలుగు చుక్క స్పష్టంగా కనిపించాలి. అంచు గరుగ్గా కనిపించినా, చుక్క నెలవంకలా కనిపించినా ఇంకా మురికి ఉన్నట్టే. గుచ్చడానికి సూది, ఇనుప తీగ వాడొద్దు, ఇత్తడి గీసుకుపోయి రంధ్రం పెద్దదవుతుంది. కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు లేదా నైలాను బ్రష్షు వెంట్రుక చాలు. కార్బురేటర్ క్లీనరు కొట్టి, ప్రతి దారిలోనూ గాలి ఊది, అది అవతలి నుంచి వస్తోందో లేదో చూడాలి. థ్రాటిల్ రేకు అంచు దగ్గర గొట్టంలో రెండు మూడు సూక్ష్మ రంధ్రాలుంటాయి, వాటిని వదిలేసేవాళ్లే ఎక్కువ. రబ్బరు భాగాలను క్లీనరులో నానబెట్టకండి, ఉబ్బిపోతాయి.

ఫ్లోటు సూది మొనను గోటితో తడమండి. చుట్టూ గాడి తగిలితే మార్చండి, లేకపోతే పెట్రోలు పొంగుతూనే ఉంటుంది. కార్బురేటర్‌ను తలకిందులుగా పట్టినప్పుడు ఫ్లోటు గిన్నె అంచుకు సమాంతరంగా ఉండటం ఎక్కువ మోడళ్లలో సరైన ఎత్తు.

తిరిగి బిగించాక స్లో స్క్రూను తగిలేదాకా బిగించి, అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పండి. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే. అసలు సెట్టింగు నీళ్లలో, ఇంజను వేడెక్కాక, గేరులో ఉంచి చేయాలి. ఒక్కోసారి చుట్టులో ఎనిమిదో వంతు తిప్పి, పది పదిహేను సెకన్లు ఆగండి. పెట్రోలు తక్కువైతే కార్బురేటర్ మూతిలోంచి తుమ్మినట్టు వస్తుంది. ఎక్కువైతే ఇంజను బరువుగా, గతుకులు పడ్డట్టు నడిచి పొగ పెరుగుతుంది. ఈ రెండిటి మధ్య నిలబెట్టి, పెట్రోలు వైపు కాస్త మొగ్గు ఉంచండి. పెట్రోలు తక్కువగా నడిస్తే టూ-స్ట్రోక్‌కు ఆయిల్ కూడా తక్కువగానే అందుతుందని మరవద్దు. స్క్రూ ఎటు తిప్పితే ఏమవుతుందన్నది అది ఉన్న చోటును బట్టి ఉంటుంది. గాలి పీల్చే మూతి వైపు ఉంటే అది గాలి స్క్రూ, బిగిస్తే పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంజను వైపు ఉంటే అది మిశ్రమం స్క్రూ, బిగిస్తే తగ్గుతుంది.

ప్రశ్న: 8 హార్స్‌పవర్, రెండు సిలిండర్లు. పోయినేడాది బోటు లేచి పరిగెత్తేది. ఇప్పుడు చప్పుడే గానీ వేగం లేదు.

జవాబు: చప్పుడు ఎలాంటిదో ముందు వినండి. ఇంజను రేజు పెరిగిపోతూ బోటు కదలకపోతే ప్రొపెల్లర్ మధ్యలోని రబ్బరు బుష్ జారుతోంది. బుష్ మీద, ప్రొపెల్లర్ మీద కలిపి మార్కరుతో ఒక గీత గీసి నడపండి. తిరిగొచ్చేసరికి గీత రెండు ముక్కలై పక్కపక్కకు జరిగితే తేలిపోయినట్టే. పీచు, ప్లాస్టిక్ సంచి చుట్టుకున్నా, నీటి మట్టానికి మోటారు ఎత్తుగా బిగించినా ఇదే లక్షణం. ప్రొపెల్లర్ పైనుండే అడ్డ పలక బోటు అడుగుతో సమంగా గానీ రెండు మూడు సెంటీమీటర్లు కిందకు గానీ ఉండాలి.

రేజు కూడా రాకుండా బరువుగా నడుస్తుంటే ఒక సిలిండరు పని చేయడం లేదేమో చూడాలి. ఇంజను ఆపి ఒక ప్లగ్గు క్యాపు తీసి, దానిలో పాత ప్లగ్గు ఒకటి పెట్టి, బ్లాకుకు కట్టేసి స్టార్ట్ చేయండి. తర్వాత రెండోది. ఏ క్యాపు తీసినప్పుడు ఇంజను తీరు మారలేదో ఆ సిలిండరే పడుకుంది. ప్లగ్గులు అటూ ఇటూ మార్చినా లోపం అదే సిలిండరులో ఉంటే కంప్రెషన్ కొలవండి. ఇంజను కాస్త వేడిగా, రెండు ప్లగ్గులూ బయట, వైర్లు ఎర్త్ చేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఐదారుసార్లు లాగాలి. చిన్న మోటార్లలో 90 నుంచి 120 పీఎస్ఐ దాకా వస్తుంది. అంకె ఎంతన్నదానికంటే రెండు సిలిండర్ల తేడా ముఖ్యం, అది 10 శాతం దాటకూడదు. దాటితే మసి పట్టి రింగులు ఇరుక్కున్నాయనో, హెడ్ గాస్కెట్ పోయిందనో, సిలిండరు గీసుకుందనో అనుమానించాలి. ఎగ్జాస్ట్ కవరు విప్పి దారిలోంచి పిస్టన్ పక్కను, రింగును కళ్లతోనే చూడొచ్చు. నిలువు గీతలు కనిపిస్తే అక్కడితో పైపై మరమ్మతులు ఆపండి.

ప్రశ్న: పెట్రోలులో ఆయిల్ కాస్త ఎక్కువ పోస్తే ఇంజనుకు మంచిదే కదా?

జవాబు: కాదు. ఆయిల్ పెరిగితే అదే జెట్టులోంచి వెళ్లే పెట్రోలు ఆ మేరకు తగ్గుతుంది, అంటే మిశ్రమం పల్చబడుతుంది. దానికి తోడు ప్లగ్గు నల్లబడుతుంది, రింగులకు మసి పడుతుంది. 50:1 (యాభై పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్) అని ఉంటే లీటరుకు 20 మి.లీ., 10 లీటర్లకు 200 మి.లీ. 25:1 అయితే లీటరుకు 40 మి.లీ., 100:1 అయితే 10 మి.లీ. మాత్రమే. కొత్త ఇంజను మొదటి గంటల్లో, లేదా రింగులు మార్చాక, మామూలుగా 50:1 వాడే చోట 25:1 పోయమని చాలా కంపెనీలు చెబుతాయి. ఆ గడువు అయ్యాక తగ్గించేయాలి. తక్కువ పోయడం మాత్రం ఇంకా ప్రమాదం, ఇంజను పట్టేస్తుంది. మూతలతో, కంటి అంచనాతో కాకుండా గీతలున్న కొలత గ్లాసుతో పోయండి. డబ్బాలో సగం పెట్రోలు, తర్వాత మొత్తం ఆయిల్, మూత పెట్టి బాగా ఊపి, మిగతా పెట్రోలు.

ఇథనాల్ కలిసిన పెట్రోలు వాడేవారికి ఇంకో మాట. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు మోతాదు మించాక ఇథనాల్, నీరు కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి. ఆయిల్ మాత్రం పైన పెట్రోలులోనే ఉండిపోతుంది. ట్యాంకు అడుగు నుంచి పీల్చే పైపు ముందు లాగేది ఆయిల్ లేని ఆ పొరనే. నెల రోజుల్లో వాడేంతే కలుపుకోండి.

ప్రశ్న: బైకులకు పోసే టూ-టి ఆయిల్ వాడొచ్చా?

జవాబు: గత్యంతరం లేనప్పుడు ఒడ్డు చేరడానికి, అంతే. ఔట్‌బోర్డ్‌కు టీసీ-డబ్ల్యూ3 గుర్తు ఉన్నదే కావాలి. గాలితో చల్లబడే బైకు ఇంజను చాలా వేడిగా నడుస్తుంది, దాని ఆయిల్లో లోహపు సంకలనాలు ఉంటాయి, అవి కాలి బూడిద మిగులుతుంది. నీళ్లతో చల్లబడే బోటు ఇంజను అంత వేడెక్కదు, ఆ బూడిద పోర్టుల్లో, ప్లగ్గు మీద పేరుకుంటుంది.

ప్రశ్న: ప్లగ్గు నంబరు ఏది వేయాలో దుకాణంలో ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

జవాబు: మాన్యువల్లో లేదా ఇంజను మూత లోపలి స్టిక్కరు మీద ఉన్నదే. ఎన్‌జీకే ప్లగ్గుల్లో అంకె తగ్గేకొద్దీ ప్లగ్గు వేడిది, పెరిగేకొద్దీ చల్లనిది. బీ7హెచ్ఎస్ బదులు బీ6హెచ్ఎస్ వేస్తే మసి తక్కువ పడుతుంది నిజమే, కానీ ఫుల్లులో పిస్టన్ తల మీద వేడి పెరుగుతుంది. చివర ‘-10’ ఉంటే ప్లగ్గు మొనల మధ్య ఖాళీ 1 మి.మీ. అని, మధ్యలో ‘ఆర్’ ఉంటే రెసిస్టరు ఉందని అర్థం. బాగా నడిచే ఇంజనులో ప్లగ్గు మొన లేత గోధుమరంగులో ఉంటుంది. సున్నంలా తెల్లగా మారి పొక్కులు కనిపిస్తే వెంటనే ఆపి, పెట్రోలు తక్కువగా వెళ్తోందేమో, నీళ్లు తిరుగుతున్నాయో లేదో చూడండి.

ప్రశ్న: మోటారు వెనక చిమ్మే నీటి ధార సన్నబడింది. ఇంపెల్లర్ (నీళ్లు తోడే పంపులోని రబ్బరు రెక్కల చక్రం) సొంతంగా మార్చుకోగలమా?

జవాబు: మార్చుకోవచ్చు. ముందు ఆ రంధ్రంలోకి మందపాటి గాలపు తాడు దూర్చి చూడండి. కందిరీగ మట్టిగూడు కట్టినా, ఉప్పు పేరుకున్నా ధార సన్నబడుతుంది, ఇంపెల్లర్ ఏ పాపం ఎరగదు. గుచ్చాక ధార మామూలైతే పని అయిపోయింది. కాకపోతే విప్పాల్సిందే. ధార అసలు లేకుండా నడపడం నిమిషాల్లో పిస్టన్‌ను పట్టేయిస్తుంది. నీళ్లు లేకుండా పొడిగా తిప్పితే రబ్బరు రెక్కలు సెకన్లలోనే కాలడం మొదలవుతాయి, అందుకని ‘ఒక్కసారి చప్పుడు విందాం’ అని గట్టు మీద స్టార్ట్ చేయకండి.

ప్లగ్గు క్యాపు తీసేయండి. గేరు కడ్డీ కలిసే చోటు మీ మోడల్లో ఉంటే విడదీయండి. కింది కాలును (ప్రొపెల్లర్, గేర్లు ఉండే భాగాన్ని) పట్టుకున్న బోల్టులు తీస్తే అది కిందకు జారాలి. ఉప్పుకు పట్టేసి రాకపోతే రబ్బరు సుత్తితో పక్కల తట్టండి, అతుకులో స్క్రూడ్రైవరు దూర్చి పెకలించొద్దు. పంపు గిన్నె నాలుగు బోల్టులతో ఉంటుంది. గిన్నె ఎత్తి ఇంపెల్లర్‌ను చూడండి. రెక్కలు ఒకే వైపు వంగి అలాగే ఉండిపోయినా, రెక్కల మొదళ్ల దగ్గర పగుళ్లు కనిపించినా మార్చాలి. ఏదైనా రెక్క ముక్క లేకపోతే ఆ ముక్క దొరికేదాకా వెతకండి. అది పైకి వెళ్లే నీటి గొట్టంలోనో బ్లాకు దారిలోనో ఇరుక్కుని ఉంటుంది, వదిలేస్తే కొత్త ఇంపెల్లర్ వేసినా ఇంజను వేడెక్కుతుంది. గిన్నె లోపల, అడుగు రేకు మీద గోటికి తగిలేంత గాడులుంటే అవీ మార్చాలి.

బిగించేటప్పుడు షాఫ్టు గాడిలోని చిన్న కీని కాస్త గ్రీజుతో అంటించి ఉంచండి, జారి పడకుండా. రెక్కలకు గ్లిజరిన్ లేదా సబ్బునీళ్లు రాసి, గిన్నెను కిందకు నొక్కుతూ షాఫ్టును పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పండి. రెక్కలు వాటంతటవే సరైన వైపు వంగుతాయి. బోల్టులు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. షాఫ్టు పళ్ల పక్కలకు గ్రీజు రాయండి, పై మొన మీద మాత్రం ముద్దగా పెట్టొద్దు. అది ఇరుక్కుని కాలు పూర్తిగా పైకి కూర్చోదు. నీటి గొట్టం తన రబ్బరు రంధ్రంలోకే వెళ్లిందో లేదో చూసి, ఫ్లైవీల్‌ను మెల్లగా గడియారం దిశలో తిప్పుతూ పళ్లు కలపండి. ఉప్పునీళ్లలో వాడేవారు ఏడాదికోసారి మార్చేస్తే తలనొప్పి ఉండదు. ప్రతిసారీ వాడాక మంచినీళ్ల డ్రమ్ములో ఐదు నుంచి పది నిమిషాలు నడపడం తప్పనిసరి.

ప్రశ్న: గేరు ఆయిల్ పాలలా వచ్చింది. ఎంత ప్రమాదం?

జవాబు: నీళ్లు చేరాయి. అలాగే వదిలితే బేరింగులు తుప్పు పడతాయి. ముందు డ్రెయిన్ స్క్రూల వాషర్లు చూడండి, పాతవి మళ్లీ వేయడం వల్లే సగం కేసులు. తర్వాత ప్రొపెల్లర్ తీసి షాఫ్టు చుట్టూ చూడండి. గాలపు తాడు చుట్టుకుని ఆయిల్ సీలును కోసేసి ఉంటుంది. కొత్త ఆయిల్, సాధారణంగా ఎస్ఏఈ 90 గేరు ఆయిల్, కింది రంధ్రంలోంచే ఎక్కించాలి. పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా పొర్లాక ముందు పై స్క్రూ బిగించి, అప్పుడు కింద నాజిల్ తీసి గబుక్కున రెండో స్క్రూ పెట్టండి. పైనుంచి పోస్తే గాలి చిక్కుకుని సగమే నిండుతుంది. తీసిన స్క్రూ మీద మెత్తటి బూడిద పేస్టు ఉంటే మామూలే. పలుకులు చేతికి గుచ్చుకుంటే గేరు పళ్లు విరుగుతున్నాయి.

ప్రశ్న: ప్రొపెల్లర్‌ను షాఫ్టుకు పట్టి ఉంచే షియర్ పిన్ను విరిగితే మేకు కోసి పెడుతున్నాం. పర్లేదా?

జవాబు: రాయి తగిలినప్పుడు గేర్లకు బదులు విరగడానికే ఆ పిన్ను మెత్తటి లోహంతో చేస్తారు. మేకు విరగకపోతే గేరు విరుగుతుంది. నాలుగు అసలు పిన్నులు, నాలుగు కాటర్ పిన్నులు కవర్లో చుట్టి ఇంజను మూత లోపల టేపుతో అంటించుకోండి.

ప్రశ్న: పెట్రోలు మోటారులో కొంత కిరోసిన్ కలిపి నడపొచ్చా?

జవాబు: వద్దు. కిరోసిన్ మోటార్లను తక్కువ కంప్రెషన్‌తో, వేరే జెట్టులతో తయారు చేస్తారు. అవి కూడా పెట్రోలుతోనే స్టార్టై, వేడెక్కాక కిరోసిన్‌కు మారి, ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు వస్తాయి. పెట్రోలు ఇంజనులో కలిపితే లోడ్ మీద టకటకమని నాకింగ్ వచ్చి పిస్టన్ తల దెబ్బతింటుంది.

ప్రశ్న: మోటారు నీళ్లలో పడింది. పైకి తీసి ఎండబెట్టాం, రెండు రోజులైంది.

జవాబు: ఎండబెట్టడమే తప్పు. నీళ్లలో ఉన్నంతసేపూ తుప్పు నెమ్మది, తడి బేరింగులకు గాలి తగిలిన గంటల్లోనే అది పరుగెత్తుతుంది. వెంటనే బాగుచేసే వీలు లేకపోతే మంచినీళ్ల డ్రమ్ములో ముంచే ఉంచడం నయం. నడుస్తుండగా పడిందా, ఆగి ఉండగా పడిందా అన్నది కూడా ముఖ్యం. నడుస్తుండగా పడితే సిలిండరులో నీరు నొక్కుకోక కనెక్టింగ్ రాడ్డు వంగి ఉండొచ్చు. తాడు ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయకుండా విప్పించండి.

ఆగి ఉండగా పడి, తాడు తేలిగ్గా కదులుతుంటే: మంచినీళ్లతో అంతా కడిగి, ప్లగ్గులు తీసి, ప్లగ్గు రంధ్రాలు కిందకు ఉండేలా పెట్టి మెల్లగా లాగుతూ నీళ్లు కార్చేయండి. కార్బురేటర్ గిన్నె, పైపులు ఖాళీ చేయాలి. ప్రతి సిలిండరులో రెండు మూడు చెంచాల టూ-స్ట్రోక్ ఆయిల్ పోసి పదిసార్లు లాగి, కొత్త ప్లగ్గులు, కొత్త పెట్రోలుతో స్టార్ట్ చేసి కనీసం అరగంట నడపండి. ఆ వేడికే లోపలి తేమ పోవాలి. రెండు రోజులైన మీ కేసులో నడిపే ముందు ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పి వినండి. ఇసుక నలిగినట్టు గరగరమంటే బేరింగులు అయిపోయాయి.

ప్రశ్న: మూడు నాలుగు నెలలు వాడకుండా ఉంచాలంటే?

జవాబు: మంచినీళ్లతో కడిగాక పెట్రోలు పైపు తీసి ఇంజను ఆగేదాకా నడిపితే చాలని చాలామంది అనుకుంటారు. కార్బురేటర్ గిన్నె అడుగున కొంత మిగిలే ఉంటుంది, జిగురయ్యేది అదే. డ్రెయిన్ స్క్రూ కూడా విప్పండి. సిలిండరులో ఒక చెంచా ఆయిల్ పోసి రెండుసార్లు మెల్లగా లాగి ప్లగ్గు పెట్టేయండి. గేరు ఆయిల్ ఇప్పుడే మార్చాలి, తర్వాత కాదు. నీళ్లుంటే ఇన్ని నెలలూ లోపలే ఉండిపోతాయి. మోటారును తుప్పు నుంచి కాపాడే జింకు దిమ్మ సగానికి తరిగితే కొత్తది వేయండి, దాని మీద రంగు మాత్రం వేయొద్దు. నిలబెట్టి ఉంచడం ఉత్తమం. పడుకోబెట్టాల్సి వస్తే ఇంజను తల వైపు ఎత్తుగా ఉండాలి, లేకపోతే కాలులో మిగిలిన నీరు ఎగ్జాస్ట్ దారిలో సిలిండరులోకి వస్తుంది.

ప్రశ్న: బోటులో ఏ సామాను ఉంచుకోవాలి? నడిమధ్యలో తాడు తెగితే దిక్కేంటి?

జవాబు: ఖాళీ సరిచేసి ఉంచిన ప్లగ్గులు, ప్లగ్గు పానా, పటకారు, స్క్రూడ్రైవరు, షియర్ పిన్నులు, స్టాప్ స్విచ్‌కు అదనపు క్లిప్పు, కనెక్టరు ఓ-రింగు, మీటరున్నర గట్టి తాడు. వీటితోపాటు తెడ్లు.

తాడు తెగితే స్టార్టర్ కవరు బోల్టులు విప్పి పక్కన పెట్టండి. అదనపు తాడు చివర ముడి వేసి, ఫ్లైవీల్ అంచునున్న గాడిలో ముడిని తగిలించి, గడియారం దిశలో ఒకటిన్నర, రెండు చుట్లు చుట్టండి. గేరు న్యూట్రల్‌లోనే ఉందని చేత్తో మళ్లీ చూసుకోండి, ఎందుకంటే గేరులో స్టార్ట్ కాకుండా ఆపే ఏర్పాటు చాలా మోడళ్లలో ఆ కవరుతోనే పోతుంది. తాడును చేతికి చుట్టుకోకుండా, చివర ఒక కర్ర ముక్క కట్టి లాగండి. వెనక ఎవరూ ఉండకూడదు. స్టార్ట్ అయ్యాక ఫ్లైవీల్ బయటే తిరుగుతుంటుంది. చొక్కా చేతులు, జుట్టు, పైపులు దానికి దూరంగా ఉంచి, ఒడ్డు చేరి ఇంజను ఆపేదాకా కవరు పెట్టే ప్రయత్నం చేయకండి.